సైకిల్ పోయిందని రాయకూడదట

సైకిళ్ల అమ్మకాలు, పోయిన సైకిళ్ల ప్రకటనలు వేసే ఆన్‌లైన్ పేజీ చూసుకునే అయ్యగారికి నమస్కారాలు.

నేను ఇంటింటికీ తిరిగి పుళ్లకు కట్లు కట్టే నర్సుని. నిన్న పొద్దున మందుల షాపు ముందు పెట్టిన నా నీలం సైకిల్‌ని ఎవడో ఎత్తుకుపోయాడు. సైకిల్ మీద ఎనిమిది ఇళ్లు చూసేదాన్ని, నడిచి నాలుగు చూసేసరికే కాళ్లు పడిపోతున్నాయి. దయచేసి మీ పేజీలో వెయ్యండి. ఫొటో పంపుతున్నాను.

ఇట్లు,
నర్సు

తా.క.: ఫొటోలో సైకిల్ పట్టుకుని నిలబడింది మా ఆయన. ఆయన పోలేదు.

*

అమ్మా,

మీ ఉత్తరం అందింది. జనంలోకి వెళ్లేముందు ప్రతి అక్షరం నేనే సరిచూస్తాను. ఎత్తుకుపోవడం మీరు కళ్లారా చూశారా? చూడకుండా నింద వెయ్యడం మా నియమాలకు విరుద్ధం. "కనబడటం లేదు" అనండి. "ఎవడో" అనడం కూడా మర్యాద కాదు.

భవదీయుడు,
పేజీ పరిశీలకుడు

తా.క.: రంగు తీసెయ్యండి. నీలం సైకిళ్లవాళ్లందరూ నొచ్చుకుంటారు.

*

అయ్యా,

చూస్తే వాణ్ణి పోనిస్తానా? సరే, మీ మాటే కానివ్వండి. "మందుల షాపు ముందు నా సైకిల్ కనబడటం లేదు. ఇరవై ఏళ్లు నన్ను మోసింది." చాలా? కాస్త త్వరగా వెయ్యండి. కాలి పుండుతో ఉన్న మేష్టారు నిన్న నాకోసం సాయంత్రం దాకా గుమ్మంలోనే కూచున్నారు.

ఇట్లు,
కాళ్లరిగిన నర్సు

తా.క.: దొంగగారిని అడిగానని చెప్పమంటారా?

*

అమ్మా,

శుభవార్త, వేసేశాను! షాపు పరువు పోకుండా షాపు తీసేశాను. "సైకిల్" మరీ మొరటుగా ఉందని "తోడు" అని పెట్టాను. ఫొటోలో సైకిల్ మీదేనని రుజువు లేదు కనక దాన్ని కత్తిరించి మీవారిని ఉంచాను. "ఇరవై ఏళ్లు నన్ను మోసిన తోడు ఇక కనబడదు."

భవదీయుడు,
పేజీ పరిశీలకుడు

తా.క.: అప్పుడే రెండు వందలమంది దండాలు పెట్టారు. మన పేజీకి ఇంత ఆదరణ ఎన్నడూ లేదు!

*

అయ్యా,

పొద్దున్నుంచీ మా ఇంటికి పరామర్శలు. తలుపు తీసింది మా ఆయనే. మొదట వచ్చినావిడ కెవ్వుమని కూలబడితే నేనే నాడి చూశాను. మా ఆడపడుచు ఏడుస్తూ ఫోన్ చేసింది. ఆయన "హలో" అనగానే, "ఎవడ్రా నువ్వు, మా అన్నయ్య గొంతుతో మాట్లాడుతున్నావ్?" అని తిట్టి పెట్టేసింది.

ఆఖరికి పక్క వీధిలో గడియారాలు బాగుచేసే ఆయన వచ్చాడు. నా సైకిల్ మీద!

"ఇదెక్కడిది బాబూ?"

"మొన్ననే కొన్నానమ్మా" అంటూ ఫోన్‌లో ప్రకటన చూపించాడు. నా సైకిల్ ఫొటో, రంగు, అమ్మేవాడి ఫోన్ నంబరు, అన్నీ ఉన్నాయి. మీ పేజీలోదే. కింద మీ మాట: "రెండు నిమిషాల్లో ఆమోదించాం. వివరాలు చక్కగా ఇచ్చారు, అభినందనలు."

పాపం, ఆయన సైకిల్ ఇచ్చేశాడు. ఇద్దరం కలిసి పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం. ఇన్‌స్పెక్టర్ గారు ప్రకటన రెండుసార్లు చదివి, ముందు మిమ్మల్నే రమ్మంటున్నారు.

ఇట్లు,
సౌభాగ్యవతి నర్సు

తా.క.: ఫిర్యాదులో "దొంగకు సాయపడ్డవాడు" అని మిమ్మల్నే రాశాను. స్టేషన్ రైటర్ గారు ఒక్క అక్షరం కూడా సరిచూడకుండా రాసుకున్నారు.