ఏది ముందైతే అది

శనివారం, ఉదయం

అక్కకు,

నీ పుస్తకాల పురుగు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, నాన్న, నేను క్షేమం. నెలలు నిండిన నువ్వూ, కడుపులోని బిడ్డా క్షేమమని నమ్ముతున్నాను. బావ ఓడ మీద ఉన్నారు కనుక నిన్ను కొండ దింపి, ఇక్కడి ఆసుపత్రిలో చేర్పించాలని నాన్న నిశ్చయించారు. ముందు గది ఖాళీ చేశాం. అమ్మ పాత దుప్పట్లు చింపి బిడ్డకు పక్కగుడ్డలు కుడుతోంది.

కారు సంగతి చెప్పాలి. మొన్న నాన్నతో నేనూ షెడ్డుకు వెళ్లాను. మెకానిక్ ఇంజిన్ పక్క మూత విప్పి టైమింగ్ బెల్టు చూపించాడు. పళ్లున్న రబ్బరు పట్టీ. వీపంతా మడమ పగుళ్లలా నెర్రెలు. కొత్తది సోమవారం వస్తుందని, అందాకా బండి కదపవద్దని అన్నాడు. తెగే ముందు చప్పుడైనా చెయ్యదా అని అడిగాను.

"చెప్పి తెగదు తల్లీ," అన్నాడు.

నాన్న నవ్వారు. లక్ష తిరిగాక కదా మార్చేది, ఇది మార్కెట్టు దాటి వెళ్లిందెప్పుడని వాదించారు. ఇంటికొచ్చి కారుతో ఇచ్చిన పుస్తకం తీశాను. లక్ష కిలోమీటర్లు లేదా ఐదేళ్లు, ఏది ముందైతే అది, అని ఉంది. ఆ కారు వచ్చిన రోజు నేను రెండు జడలతో బడికి వెళ్లాను. వాక్యమంతా చదివి వినిపించాను. నాన్న లక్ష దగ్గరే ఆగిపోయారు.

"సోమవారం దాకా ఆగమని నీ పుస్తకం బిడ్డకు కూడా చెబుతుందా?" అన్నారు.

నాకెప్పుడూ ఎదుటివాళ్లు వీధి మలుపు తిరిగాకే జవాబు వస్తుంది. టాక్సీ అన్న మాట ఈ ఉదయం పళ్లు తోముకుంటుంటే తోచింది. చెప్పాను. తన కూతురిని తన బండిలోనే తెచ్చుకుంటానన్నారు.

నడుస్తుండగా బెల్టు తెగితే ఇంజిన్ ఆ క్షణమే ఆగిపోతుందట. స్టీరింగ్ బిగుసుకుంటుంది. బ్రేకు రాయిలా అవుతుంది. మీ కొండ దారి మలుపులు నీకు తెలుసు.

అక్కా, ఆ కారు ఎక్కకు. కళ్లు తిరుగుతున్నాయని చెప్పు, అలుగు, ఏదైనా చెయ్యి. టాక్సీ పిలిపించి నాన్ననూ అందులోనే కూర్చోబెట్టు. నీ మాటంటే ఆయనకు వినబడుతుంది.

నీ
చెల్లి

తా.క. ఫోన్ చేసి నిన్ను కంగారు పెట్టనని నాన్న నా చేత ఒట్టు వేయించుకున్నారు. రాయనని వేయించుకోలేదు. కానీ పోస్టులో వేస్తే ఆయన వెళ్లి వచ్చేశాక గాని నీకు అందదు. బయట ఇంజిన్ స్టార్ట్ చేసి, అక్కకు ఇవ్వాల్సిన ఉత్తరం ఇంకా కాలేదా అని హారన్ కొడుతున్నారు. దీన్ని ఆయన చేతికే ఇస్తున్నాను. నువ్వు ఇది చదువుతున్నావంటే, కొండ ఎక్కేటప్పుడు తెగలేదన్నమాట.