ఎరుపంతా దుమ్మే అనుకున్నాను

సత్యనారాయణపేట, బళ్ళారి
జూన్ 2008

యూనీసక్కా,

వందనాలు. ఫోన్ చేయకుండా ఉత్తరం రాశాడేమిటని కవరు చించకముందే కంగారు పడి ఉంటావు. ఫోన్‌లో నీ గొంతు వింటే నాకు ఏడుపొస్తుంది, పక్కన వినీల ఉంటుంది. భార్యకు తెలియకూడదని అక్కకు రాస్తున్న మాట ఇది. నువ్వొక్కదానివే చదువు.

దొడ్డికి పోయినప్పుడు రక్తం పడుతోంది అక్కా. ఎప్పటినుంచో సరిగ్గా చెప్పలేను, అదే నా భయం. నువ్వు ఆదోని ఆసుపత్రిలో తెల్లటి గోడల మధ్య పనిచేసే నర్సువి, గని దగ్గర మా బతుకు నీకు తెలియదు. ఈ ఇనుప ఖనిజానికి గిరాకీ పెరిగినప్పటినుంచి, లారీలు తూచే మా కాటా గదిలో టీ మీద కూడా ఎర్ర దుమ్మే. ఉమ్మితే ఎరుపు, ముక్కు చీదితే ఎరుపు, స్నానం చేస్తే నీళ్ళు ఎరుపు. నా చొక్కాలను వినీల వేరే బకెట్లో నానబెడుతుంది. అక్కడి లెట్రిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అంత ఎరుపులో ఇంకాస్త ఎరుపు కలిస్తే ఎవడికి తెలుస్తుంది? తెలిసినప్పుడు కూడా, మింగిన దుమ్మే బయటికి పోతోంది అనుకున్నాను. టిప్పర్ నడిపే కనకప్పను అడిగితే, "ఇంత దుమ్ము తింటాండాం గదప్పా, అది యాడికి పోవల్ల? దినామూ బెల్లం తిను, సాఫ్ అయితాది" అన్నాడు. బుద్ధిమంతుడిలా బెల్లం తిన్నాను. నవ్వుకో, పరవాలేదు.

పోయిన నెల సెలవు పెట్టి మోక ఊళ్ళో అత్తగారింట్లో ఉన్నాను. అక్కడ గని లేదు, దుమ్ము లేదు, లెట్రిన్‌లో తెల్లటి బేసిన్. రోజులు గడిచినా ఎరుపు ఆగలేదు. ఎవరూ చూడకముందే ఆ బేసిన్ కడిగేశాను. బయటికొచ్చి అత్తమ్మ పెట్టిన రొట్టె తిని, బాగుందని చెప్పాను.

అమ్మ కూడా ఇలాగే పోయింది కదా అక్కా. పేగుల్లో గడ్డ అన్నారు. ఆమె పోయిన వయసుకు నేను దగ్గరపడ్డాను. అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. ఏ డాక్టరు దగ్గరికీ పోను. దానికి వాళ్ళు పేరు పెట్టేస్తే ఆ పేరుతో నేను బతకలేను. వినీలకు చెప్పకు, నీకు దండం పెడతాను.

నీ తమ్ముడు
జాబెజ్

* * *

సత్యనారాయణపేట
జూలై 2008

అక్కా,

నీ నోట్లో మాట దాగదని తెలిసీ నీకు రాయడం నాదే తప్పు. ఉత్తరం అందిన రోజే వినీలకు ఫోన్ చేసి చెప్పేశావు. ఆమె అరవలేదు, ఏడవలేదు. నా చేతిలోంచి అన్నం పళ్ళెం తీసి పక్కన పెట్టి, "డాక్టరు దగ్గరికి నువ్వే వస్తావా, మా అన్నోళ్ళను పిల్సి నిన్ను మోసుకపొమ్మనాల్నా?" అంది. మోకలో ఆమె నలుగురు అన్నదమ్ముల్నీ చూశావు కదా. బెంగళూరు బస్సెక్కాను.

గొట్టానికి కెమెరా పెట్టి పేగంతా చూశారు, అక్కడక్కడా చిన్న ముక్కలు తీశారు. రిపోర్టు వచ్చేదాకా నేను మనిషిని కాదు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే నన్ను కాదన్నట్టు తల తిప్పుకునేవాణ్ణి. చివరికి డాక్టరు పిలిచి, క్యాన్సర్ కాదన్నాడు. పేగు లోపలి పొరకు వాపు, పుండ్లు. వినీల అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చేసింది.

ఎందుకొచ్చిందని అడిగాను. పేగు కణాల్లో రకరకాల ప్రోటీన్లు ఉంటాయట. దెబ్బ తగిలితే వాపును పిలిచేవి కొన్ని, పని అయిపోయాక ఆపేవి కొన్ని. మా గనిలో టిప్పర్ నిండగానే లోడర్ వాడికి కన్నడంలో "సాకు", అంటే ఇక చాలు, అని చెయ్యెత్తే మనిషి ఒకడుంటాడు చూడు, అలాంటివన్నమాట. చెయ్యెత్తేవి పనిచేయకపోతే వాపు ఏళ్ళ తరబడి ఆగదట. అలా వాచిన చోట కణాలు పాడై, చావాల్సినవి చావకుండా పెరిగితే అదే క్యాన్సర్ అవుతుందట. కాబట్టి మాత్రలు మానకూడదు, మళ్ళీ మళ్ళీ ఆ గొట్టం తప్పదు. భయం పూర్తిగా పోలేదు అక్కా.

ఇంకో మాట. అమ్మ సంగతి చెబితే ఆయన రాయడం ఆపి తలెత్తి చూశాడు. తోబుట్టువులు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఈ ప్రోటీన్ల లోపం కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తుందట. అక్కను కూడా తప్పకుండా చూపించుకోమను అన్నాడు. మా అక్క నర్సు సార్, ఆమెకు నేను చెప్పేదేముంది అన్నాను. అయినా చూపించుకో. చూపించుకుని రెండు ముక్కలు రాయి.

జాబెజ్

* * *

ఆదోని
ఆగస్టు 2008

జాబెజూ, నా బంగారు తమ్ముడా,

రెండు ముక్కలు రాయమన్నావు. అవే రాయలేక ఇన్నాళ్ళు ఆగాను.

నీ మొదటి ఉత్తరం రాకముందునుంచే నాకూ రక్తం పడుతోందిరా. నీకు దుమ్ము దొరికింది, నాకు మూలశంక దొరికింది. రోజంతా నిలబడే నర్సుకు అది కాక ఇంకేం వస్తుందని నాకు నేనే మందు వాడుకున్నాను. వినీలను ఉసిగొల్పి నిన్ను బెంగళూరుకు తోలింది నీ మీద ప్రేమతోనే. కానీ నీకు ఏమీ లేదని తేలితే నాకూ ఏమీ లేదనుకోవచ్చన్న ఆశ కూడా ఉండింది. నీ రిపోర్టు సంగతి చదివి మోకాళ్ళ మీద పడి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. తర్వాత డాక్టరు నా గురించి అన్న మాట చదివాను. ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ చదివాను.

నీకు అమ్మ జబ్బు వినికిడే. నువ్వు చిన్నవాడివని వరండాలోకి పంపేసేవాళ్ళు. గుడ్డలు మార్చింది నేను. అందుకే నీ కంటే నాకే భయం ఎక్కువ.

కర్నూలు వెళ్ళి చూపించుకున్నాను. నాది వాపు కాదు జాబెజూ, క్యాన్సర్. పేగు దాటి పోయినట్టు లేదు, ఆ భాగం కోసి తీసేస్తాం అంటున్నారు. మిగతా సంగతి ఆపరేషన్ అయ్యాకే తెలుస్తుంది అని కూడా అన్నారు. ఆ మాట నేనే ఎంతమందికో చెప్పాను, దాని అర్థం నాకు తెలుసు. వచ్చే సోమవారం అక్కడే ఆపరేషన్.

సంఘం వాళ్ళు వచ్చి ప్రార్థన చేసి, మీకేంటి సిస్టర్, మీరే అందరికీ ధైర్యం చెబుతారు కదా అని వెళ్ళిపోతున్నారు. వాళ్ళ ముందు నవ్వి, తలుపు వేసుకుని వణుకుతున్నాను. నువ్వు ఆదివారమే రా. ధైర్యం మాత్రం చెప్పకు. నా పక్కన కూర్చుని భయపడడానికి ఒక మనిషి కావాలి.

నీ అక్క
యూనీస్