పొగగొట్టం మలుపు

కాస్ట్రో, జూలై

ఒరే నివాల్డో,

మీ అమ్మ వంటింట్లో నువ్వు బిగించి వెళ్లిన పొగగొట్టం నిన్న విప్పి పారేశాను. మిల్కావ్ రొట్టెలకని పొయ్యి రాజేయగానే మలుపు దగ్గర సందులోంచి పొగ తన్నుకొచ్చింది. మీ అమ్మ ఒతీలియా దగ్గుకుంటూ వానలోకి పరిగెత్తింది. "కాలేజీలో పాఠాలు చెప్పుకునే పిల్లాడు, ఏమీ అనకు అన్నయ్యా" అంది. అనడం లేదు, రాస్తున్నాను.

ఆ గొట్టం బిగించిన రోజు భోజనాల దగ్గర అందరి ముందూ ఏమన్నావు? "సైన్ వక్రరేఖంటే రేకులు కొట్టే మావయ్యకేం తెలుస్తుందిలే" అన్నావు. నిజమే, ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. కొవ్వొత్తికి కాగితం చుట్టి, ఏటవాలుగా కోసి, విప్పి చూడు. అంచు అలలా వస్తుంది. రేకునీ అలాగే కోస్తేనే రెండు గొట్టాలు మలుపులో అతుకుతాయి. ఆ అల గురించి ముప్పై మందికి పాఠం చెప్పే నువ్వు, రేకు మీద స్కేలు పెట్టి తిన్నగా గీసి కోశావు.

కొత్త గొట్టం బిగించాను, పొగ రావడం లేదు. మీ తాత అంచు అలలా కోసిన కాగితం నమూనా నలభై ఏళ్లుగా నా కొట్లో మేకుకి వేలాడుతోంది. దాన్ని ఈ ఉత్తరంతో పంపుతున్నాను. దాని మీద పేరేమీ లేదు. అది నీకు వచ్చు కదా, రాసుకో.

మీ మావయ్య