ఒట్టు పెట్టిన చెయ్యి

ఆదిలాబాద్ గురుకులం,
జూన్ 20

ప్రియమైన బాపూ, వందనాలు.

హాస్టల్లో ఫోన్ ఇయ్యరు, అందుకే ఉత్తరం. మక్కజొన్న బస్తా నీ మీద పడి, ఎడమ భుజంల కండను పట్టి ఉంచే నరం ఎముక నుంచి ఊడింది. డాక్టరు కుట్టిండు గానీ నాకైతే పరేషానే. నీ సంగతి నాకు తెలువదా, కట్టు విప్పంగనే బస్తాలు మోసేతందుకు జమ్మికుంట మార్కెట్ యార్డుకు ఉరుకుతవు. నా కాలు విరిగినప్పుడు కదలకుండ ఉంటేనే అతికింది గదా! దసరాకు నేను వచ్చేదాకా ఆ చెయ్యి కదిలిస్తే నా మీద ఒట్టు.

నీ బిడ్డ,
హెప్సిబా


జమ్మికుంట,
సెప్టెంబర్ 12

ప్రియమైన బిడ్డా హెప్సిబా,

మంచిగున్న. ఒట్లు పెట్టద్దని పాస్టరయ్య మొత్తుకుంటడు, నువ్వేమో పెట్టనే పెడితివి! నీ మీద ఒట్టు నేను తప్పుతనా? కరీంనగర్ల కసరత్తు చేయించే నర్మద మేడం ఒకటే పోరు, రబ్బరు పట్టీ గుంజు, నీళ్ళ సీసా లేపు అని. రెండుసార్లు పోయి బంద్ చేసిన. చెయ్యి మెడకు కట్టుకొని కూసుంటున్న. పత్తి దిగే యాళ్ళకు బస్తాలు మోస్తనని మేస్త్రికి చెప్పిన. ఫికర్ చెయ్యకు.

మీ బాపు,
తోమాసు


ఆదిలాబాద్ గురుకులం,
సెప్టెంబర్ 19

ప్రియమైన బాపూ,

ఎంత పని చేసినవ్! నీ ఉత్తరం పట్టుకొని మా జువాలజీ మంజుల మేడం దగ్గరికి ఉరికిన. ఆమె తల పట్టుకుంది. విరిగిన ఎముక సంగతి వేరు, నరం సంగతి వేరట. కుట్టిన కొన్ని వారాలకు దాని మీద కొంచెం కొంచెం బరువు పడాలట. ఆ గుంజుడుకే అది ఎముకను గట్టిగ పట్టుకుంటదట. ఊకె ఉంచితే పలచబడుతదట. ఒక్కసారే ఎక్కువ లేపినా ఊడుతదట, నర్మద మేడం చెప్పినంతే చెయ్యి. ఒట్టు తీసేసిన బాపూ, తీసేసిన! రేపే కరీంనగర్ పో. నీ కాళ్ళు మొక్కుత.

హెప్సిబా


జమ్మికుంట,
నవంబర్ 28

ప్రియమైన బిడ్డా,

దసరాకు నువ్వచ్చినప్పుడు చెయ్యి ఛాతిదాకా లేపి చూపెట్టిన గదా, గంతే. రోజూ పట్టీ గుంజుతనే ఉన్న. మొన్న స్కానింగ్ తీసిండ్రు. నరం పలచగ, వదులుగ అతికిందట. మళ్ళ కుట్టినా నిలువదట. "అన్నం తినేతందుకు, బట్టలేసుకునేతందుకు పనికొస్తది తోమాసూ, బస్తాలు ఇగ మరిచిపో" అన్నడు డాక్టరు సాబ్.

యార్డుల పత్తి దిగుతుంది. నా జాగల మన చర్చి సంఘం ఎబినేజర్‌ను పెట్టుకున్నరు. ఇరవై రెండేండ్లు మోసిన. ఇగ ఏం జేయాల్నో తోస్తలేదు బిడ్డా, ఏడుపస్తది.

క్రిస్మస్‌కు వచ్చినంక, చెయ్యి ఎందుకు గిట్లయిందని మీ అమ్మ నిన్ను అడుగుతది. ఒట్టు సంగతి ఆమెకు తెలువది, తెలువద్దు. బద్ధకమై కసరత్తుకు పోలేదని చెప్పిన. వారం దినాల సంది తిడుతనే ఉంది, తిట్టనీ. నువ్వు గూడ గదే మాట చెప్పు.

మీ బాపు