కాలి పక్కన రాతి మొద్దు

మల్లన్నా,

నీవు పోయి నేటికి సంవత్సరం. ఈ గల్ఫ్‌లో మన కూలీల రూమ్‌లో నా గ్రీకు శిల్పపాఠాలను ఓపికగా విన్నవాడివి నీవొక్కడివే. అందుకే రాస్తున్నాను.

ఈరోజు సీబ్‌లోని ఒక విల్లాలో గ్రీకు కంచు విగ్రహానికి పాలరాతి నకలును నిలబెట్టాము. బరువంతా ఒక కాలిపై మోపి, రెండవ మోకాలు సడలించిన యువకుడు. కాలిని ఆనుకొని అదే రాతిలో చెక్కిన చెట్టు మొద్దు ఉంది.

"గా మొద్దెందుకు పంతులూ? కోసెయ్," అన్నాడు ఫోర్‌మన్ నర్సయ్య.

"కంచుది లోపల బోలు గనుక ఒంటికాలిపై ఆగింది. రాయి ఆగదు. నేను కొయ్యను."

"నీ రాత్రి కాలేజీ సదువు మళ్ల మొదలైందిరా!" అని నవ్వి వదిలేశాడు.

విగ్రహం నిలిచింది. నా మనసే నిలవడం లేదు. కాంక్రీటు ఆరకముందే నీ తలపైనున్న స్లాబు ఊతకర్రలను ఈ నర్సయ్యే తీయించిన రోజున, తప్పని తెలిసీ నేను ఒక్క మాట అనలేదు.