వెనక్కి తీయని బండి

ఖరగ్‌పూర్, ఝపటాపూర్ నుంచి.

పూజ్యులైన అన్నయ్యగారి పాదాలకు వంశానికి మచ్చ తెచ్చిన తమ్ముడు సాష్టాంగపడి చేసుకునే క్షమాపణ. పుట్టినందుకు, బి.ఏ. ప్యాసైనందుకు, అది చాలక డ్రైవరునైనందుకు, ఇప్పుడీ ఉత్తరంతో నీ కళ్లను శ్రమపెడుతున్నందుకు మన్నించు. ఇక్కడ పిన్నీ నేనూ కులాసా. బాబాయి మరీ కులాసా. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో నువ్వు రాయలేదు. కార్డులో నన్ను తిట్టడానికే చోటు చాల్లేదు కదా.

తిట్టేవాడివి కవరులో పెట్టి తిట్టవచ్చు. మన తెలుగు పోస్టుమాను ఆ కార్డు చదువుకుంటూ వచ్చి, వీధరుగు మీద అందరి ముందూ అడిగాడు: "ఏటి బాబూ, తాగి తోలినావా?"

నేను తాగలేదు. ఎవరినీ తిట్టలేదు. ఎవరి మీదా చెయ్యెత్తలేదు. నీకు ఆ కబురు చేరవేసిన బాబాయి ఆ వేళ తన రైల్వే వర్క్‌షాపు పూజలో ప్రసాదం తింటున్నాడు. జరిగింది విను.

ఇక్కడ బళ్లకూ పనిముట్లకూ చేసే విశ్వకర్మ పూజనాడు, నేను తోలే బిస్కట్ల సేఠ్ వ్యానుకు మనవాళ్ల పద్ధతిలో పసుపు రాసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. పిన్ని హారతిచ్చి నా పక్కన ఎక్కింది. నిమ్మకాయలు తొక్కించి సందు సగం దాకా వచ్చామో లేదో, ఎదురుగా మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు జీపు. ఎవరో ఒకరు వెనక్కి తగ్గాలి. నిమ్మకాయలు తొక్కిన బండి ఆ పూట వెనక్కి నడవకూడదని పిన్ని పట్టుబట్టింది. నేను ఇంజను ఆపి కూర్చున్నాను. చివరికి జీపే వెనక్కి వెళ్లింది. మర్నాడు నా లైసెన్సు సస్పెండైంది.

నెలాఖరులోగా అది రాకపోతే వ్యాను తన బావమరిదికి ఇస్తానన్నాడు సేఠ్. నువ్వేమో వచ్చి నీ బట్టల కొట్లో గజం కర్ర పట్టుకోమన్నావు. ఆ కర్రతో నువ్వు నన్ను కొలిచింది చాలు.

ఇక్కడ వానలింకా విడవలేదు. లైసెన్సు కోసం మిడ్నపూర్‌లో ఆ ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు వెళ్లినప్పుడల్లా తడిసి ముద్దయ్యాను, గుమాస్తా దాదా (ఇక్కడ అన్నయ్యను అలాగే అంటారు) రేపు రమ్మన్నప్పుడల్లా నమస్కారం పెట్టాను. ఆఖరికి ఇన్‌స్పెక్టరు, వెనక్కి తీయొద్దన్న ఆ మనిషిని తీసుకురమ్మన్నాడు. బాబాయి గోడకేసి తిరిగి, "ఆడమనిసిని కచేరీకెక్కిత్తావేట్రా? మీ ఊరెల్లిపో," అన్నాడు. పిన్ని మాత్రం పట్టుచీర కట్టుకుని, గొడుగేసుకుని నాతో బస్సెక్కింది.

ఆయన ముందు చేతులు కట్టుకుని, సగం బెంగాలీలో సగం మన మాటల్లో చెప్పింది: "కుర్రోడు ఎనక్కి తీత్తానన్నాడు బాబూ. నానే తియ్యనివ్వనేదు."

ఆయన ఆమెను నోటికొచ్చినట్టు తిట్టి, నా లైసెన్సు బల్ల మీద పడేశాడు.

కాబట్టి ఉద్యోగం నిలిచింది, నేను రావడం లేదు. అమ్మకు, వదినకు నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. తిట్లు అయిపోయాక నీ దగ్గర ఏమైనా ఆశీర్వాదం మిగిలితే పంపించు. దానితోపాటు నీ కొట్లోంచి పిన్నికో మంచి నేత చీర కూడా. ఎందుకో చెబుతాను, అమ్మకు చదివి వినిపించకు.

ఆ రోజు పిన్ని ఏమీ పట్టుబట్టలేదు. "పెద్ద ఆఫీసరు, ఎనక్కి తియ్ నాయనా," అనే అంది. జీపులోంచి ఆయన ఈగను తోలినట్టు నాకేసి చెయ్యి విదిలించాడు, అందుకే తియ్యలేదు. ఆఫీసులో నెపం పిన్ని మీద పెట్టింది నేనే. ఇంటికొచ్చాక ఆమె తడిసిన పట్టుచీర ఆరేసుకుని, నాకు అన్నం పెట్టింది.

నీ తమ్ముడు,
సూర్యం