దాటిపోయిన గిన్నె

పటాన్‌చెరు,
8 జూలై 1998

పాస్టరు అయ్యగారికి వందనాలు.

మొన్న ప్రభుభోజనంలో మా ఆయన దానియేలు చేతులు వణకడం చూసి, తాగి వచ్చాడనుకుని, ద్రాక్షారసం గిన్నె ఇవ్వకుండా పక్కవాళ్ల దగ్గరికి వెళ్లారు. ఆయన ఏనాడూ మందు ముట్టలేదు. ఇది పార్కిన్సన్ జబ్బు. మెదడులో కణాలు చనిపోతున్నాయనీ, అక్కడి వాపు ఆరని కుంపటిలా మిగిలిన కణాలనూ కాలుస్తున్నట్టుందనీ డాక్టరు చెప్పాడు. చీటీ జతచేశాను.

“ఇగ నేను చర్చికి రాను, నువ్వే పో” అంటున్నాడు ఆయన.

ఆయన పనిచేసే ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ నోరు వాసన చూస్తే ఊరుకున్నాను. చర్చిలో ఊరుకోను. వచ్చే నెల ప్రభుభోజనానికి ఆయన్ను వెంటబెట్టుకుని వస్తాను. గిన్నె ఒలికితే నా కొంగు పడతాను. ఆయన తాగేదాకా మోకాళ్ల మీదినుంచి లేవను.

మీ సంఘపు బిడ్డ